కాపీరైట్ ఫారం మీద సంతకానికి ముందు

ప్రశ్న: తాగునీటి బావుల్లో నైట్రేట్ మీద చేసిన నా పేపర్ ఒక చందా జర్నల్‌లో యాక్సెప్ట్ అయింది. ఎడిటర్ ఆఫీసు నుంచి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి కాపీరైట్ బదిలీ ఫారం, రెండోది ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదివేలా తెరిచి పెట్టడం) కావాలంటే కట్టాల్సిన రుసుము వివరాలు. అంత డబ్బు మా ప్రాజెక్టులో లేదు. కట్టకపోతే, నీళ్ల నమూనాలు ఇచ్చిన కుటుంబాలు కూడా పేపర్ చదవలేవు. పీడీఎఫ్‌ని పరిశోధకుల నెట్‌వర్క్ రీసెర్చ్‌గేట్‌లో పెట్టెయ్, అందరూ చేసేదే అంటున్నారు మా గైడ్. ఈలోగా ఇంకో జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది, తక్కువ రుసుముతో వారంలో ఓపెన్ యాక్సెస్‌లో వేస్తారట. ఇక్కడ వెనక్కి తీసుకుని అక్కడికి పంపనా? డేటా కూడా బయట పెట్టమని ఒక రివ్యూయర్ రాశారు. అదెక్కడ, ఎలా పెట్టాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: వారంలో వేస్తామన్న జర్నల్ సంగతి ముందు తేల్చేద్దాం. అక్కడికి పంపకండి. ఒకచోట యాక్సెప్ట్ అయిన పేపర్‌ని మరోచోటికి పంపితే అది డూప్లికేట్ సబ్మిషన్. రెండు చోట్లా అచ్చయితే పేపర్‌ని ఉపసంహరిస్తున్నామనే రిట్రాక్షన్ నోటీసు వస్తుంది, అది మీ పేరు వెతికిన ప్రతివారికీ కనిపిస్తుంది. పద్ధతిగా ఇక్కడ వెనక్కి తీసుకునే పంపుతానంటారా, ఇన్నాళ్ల రివ్యూ శ్రమ బూడిదలో పోసినట్టే. అసలు వారం రోజుల్లో పీర్ రివ్యూ, అంటే తోటి శాస్త్రవేత్తల పరిశీలన, అయ్యే పని కాదు. ఇద్దరు రివ్యూయర్లను ఒప్పించడానికే ఎడిటర్‌కి అంతకంటే ఎక్కువ పడుతుంది. 2013లో సైన్స్ పత్రిక కోసం ఒక జర్నలిస్టు, కావాలని తప్పులు పెట్టి తయారుచేసిన నకిలీ పేపర్‌ని 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 జర్నళ్లు దాన్ని వేసుకుంటామన్నాయి. ఇలాంటి వాళ్ల చేతికి పేపర్ చిక్కాక వెనక్కి ఇవ్వమంటే, దానికీ డబ్బు అడుగుతారు.

అలాగని రుసుము తక్కువంటే మోసమే అనుకోకూడదు. రచయిత దగ్గర పైసా తీసుకోని ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు వేలల్లో ఉన్నాయి. వాటిని డైమండ్ జర్నళ్లంటారు, ఖర్చు విశ్వవిద్యాలయాలో విద్వత్సంఘాలో భరిస్తాయి. మీ తర్వాతి పేపర్‌కి అలాంటిదాన్ని డీఓఏజే (ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీ) జాబితాలో వెతకండి, రుసుము లేనివాటిని విడిగా చూపించే ఏర్పాటు అందులో ఉంది. జర్నల్ తన గురించి తాను చెప్పుకునేదాన్ని మాత్రం అక్కడితో నమ్మకండి. ప్రచురణ నైతికతను చూసే కమిటీ కోప్‌లో సభ్యత్వం ఉందంటే కోప్ జాబితాలో చూడాలి. ఫలానా ప్రొఫెసర్ ఎడిటరంటే ఆయన విశ్వవిద్యాలయం పేజీలో ఆ మాట ఉందేమో చూడాలి. చాలాసార్లు ఆ ప్రొఫెసర్‌కే తన పేరు అక్కడ ఉన్న సంగతి తెలియదు.

ఇక అసలు విషయం. ఓపెన్ యాక్సెస్ అంటే డబ్బు కట్టడం అనే అభిప్రాయం ప్రచురణకర్తల మెయిళ్ల వల్ల పాతుకుపోయింది గానీ, 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటనలోనే రెండు దారులున్నాయి. ఒకటి ఓపెన్ యాక్సెస్ జర్నల్‌లో వేయడం, రెండోది రచయిత తన ప్రతిని తానే ఒక రిపాజిటరీలో, అంటే పేపర్లు భద్రపరిచి అందరికీ అందించే ఆన్‌లైన్ భాండాగారంలో, పెట్టడం. ఈ రెండోదాన్నే గ్రీన్ దారి అంటారు, దానికి రుసుము లేదు. మీకు పనికొచ్చేది ఇదే. అది తెరుచుకుంటుందో లేదో మీరింకా సంతకం పెట్టని ఆ ఫారంలోనే రాసి ఉంటుంది.

ఫారం తెరిచే ముందు రుసుము సంగతి ఒక్కసారి లైబ్రరీలో అడగండి. మీ సంస్థకి ఆ ప్రచురణకర్తతో ఒప్పందం ఉంటే రుసుము మీ దాకా రాకుండానే చెల్లిపోవచ్చు. ఒప్పందం వర్తించేది సాధారణంగా కరెస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయిత) సంస్థని బట్టి. ఇక్కడ చాలామంది పోగొట్టుకునేది ఎలాగంటే, సబ్మిషన్ అప్పుడు సొంత మెయిల్ ఇచ్చి, సంస్థ పేరుని తోచినట్టు కుదించి రాస్తారు. ప్రచురణకర్త సిస్టం ఆ సంస్థని గుర్తుపట్టదు, రుసుము బిల్లు పంపేస్తుంది. మీ విషయంలో అలా జరిగి ఉంటే ఎడిటర్ ఆఫీసుకి రాసి సరిచేయించుకోవచ్చు. ఒప్పందం కోసమని కరెస్పాండింగ్ ఆథర్‌నే మార్చేద్దామంటే మాత్రం యాక్సెప్ట్ అయ్యాక చాలా జర్నళ్లు ఒప్పుకోవు. తక్కువ ఆదాయ దేశాల రచయితలకు రుసుము మాఫీ ఉంటుంది కానీ, అది ఎక్కువగా పూర్తి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకే. మీది చందా జర్నలే, డబ్బు కట్టిన పేపర్‌ని మాత్రం తెరిచి పెడుతుంది, అంటే హైబ్రిడ్. వీటిలో మాఫీ దొరకడం అరుదు. గ్రాంటు ఇచ్చినవాళ్ల షరతులు కూడా చూడండి. ఉదాహరణకు అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఎన్ఐహెచ్, 2025 జులై 1 నుంచి యాక్సెప్ట్ అయిన పేపర్లను ప్రచురణ రోజునే పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత భాండాగారంలో అందరికీ తెరవాలంటోంది, అంతకుముందు 12 నెలల దాకా ఆగనిచ్చేది. మీ గ్రాంటుకి అలాంటి షరతు ఉండి, జర్నల్ ఫారం దానికి అడ్డొస్తుంటే ఆ సంగతి ఎడిటర్‌కి సంతకానికి ముందే రాయాలి.

ఇప్పుడు ఫారం. దాన్ని చదవాలంటే పేపర్‌కి మూడు ప్రతులుంటాయన్నది తెలియాలి. మీరు మొదట పంపింది సబ్మిటెడ్ ప్రతి, దాన్నే ప్రీప్రింట్ అంటాం. రివ్యూయర్ల మాట ప్రకారం దిద్ది పంపాక ఎడిటర్ సరేనన్నది యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్. ప్రచురణకర్త కాపీ ఎడిటింగ్ చేసి, పేజీలు కట్టి, లోగో, పేజీ నంబర్లు వేసి పెట్టేది ప్రచురిత ప్రతి. గొడవలన్నీ ఈ మూడోదాని చుట్టూనే. రెండోదాన్ని రిపాజిటరీలో పెట్టడానికి చాలా చందా జర్నళ్లు ఒప్పుకుంటాయి, కొన్ని వెంటనే, చాలామట్టుకు 12 నుంచి 24 నెలల ఎంబార్గో (తెరవకుండా ఆగాల్సిన గడువు) తర్వాత. శాస్త్రం మొత్తం రెండో ప్రతిలోనే ఉంది, మూడోదానిలో అదనంగా వచ్చేది భాషా సవరణా, అందమూ మాత్రమే.

మీ జర్నల్ ఏమంటుందో బ్రిటన్‌కి చెందిన జిస్క్ సంస్థ నడిపే ఓపెన్ పాలసీ ఫైండర్‌లో జర్నల్ పేరుతో వెతకండి. ఇదివరకు షెర్పా రోమియో అనేవారు. ప్రచురణకర్త పేరుతో వెతికితే తప్పుదారి పడతారు, ఎందుకంటే ఒకే ప్రచురణకర్త కింద జర్నల్ జర్నల్‌కీ ఎంబార్గో మారుతుంది. అక్కడ నాలుగు సంగతులు రాసుకోండి: ఏ ప్రతి, ఎక్కడ పెట్టవచ్చు, ఎన్ని నెలలు ఆగాలి, ఏ లైసెన్స్‌తో. ఆ నాలుగింటినీ ఫారంతో పోల్చండి. రెండూ కలవకపోతే చెల్లేది మీరు సంతకం పెట్టిన ఫారమే.

ఫారంలో వెతకాల్సింది కాపీరైట్ మొత్తం బదిలీ అంటున్నారా, ప్రచురించే లైసెన్స్ మాత్రం అడుగుతున్నారా అన్నది. తర్వాత, రచయిత దగ్గర మిగిలే హక్కులు చెప్పే పేరా. సొంత వెబ్‌సైట్‌కి ఒక గడువు, సంస్థ రిపాజిటరీకి ఇంకో గడువు పెట్టి ఉండటం మామూలే. ఈ పేరా అసలే లేకపోయినా, గడువు మరీ ఎక్కువైనా, ఎడిటర్‌కి రెండు వాక్యాల మెయిల్ చాలు: "యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్‌ని మా సంస్థ రిపాజిటరీలో పెట్టే హక్కు నా దగ్గర ఉంచుకోవాలనుకుంటున్నాను. ఆ మేరకు ఫారంలో మార్పు చేయగలరా, లేదా స్పార్క్ ఆథర్ అడెండమ్‌ని జత చేసి సంతకం పెట్టమంటారా?" స్పార్క్ అడెండమ్ సిద్ధంగా దొరికే ఒక చిన్న అనుబంధ పత్రం, మీ పేరూ పేపర్ పేరూ నింపి ఫారానికి జత చేస్తారు. కాదంటారేమోనన్న భయంతో అడగడం మానకండి. కాదన్నా మీ యాక్సెప్టెన్స్‌కి ఏమీ కాదు, పాత ఫారమే మళ్లీ వస్తుంది, అంతే.

తర్వాతి పేపర్‌కి ఇంకో పద్ధతి ఉంది. పేపర్ పంపే రోజునే కృతజ్ఞతల భాగంలో, దీని యాక్సెప్టెడ్ ప్రతికి సీసీ బై లైసెన్స్ (రచయిత పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ అనుమతి) వర్తిస్తుందని ఒక వాక్యం రాసేస్తారు. తమ నిధులతో వచ్చిన పేపర్లు అందరికీ తెరిచి ఉండాలనే ప్లాన్ ఎస్ వెనకున్న కొయలిషన్ ఎస్ నిధి సంస్థలు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. హార్వర్డ్‌లో 2008 నుంచే అధ్యాపకుల పేపర్ల మీద ఇలాంటి హక్కుని విశ్వవిద్యాలయం ముందుగా తీసుకుంటోంది. జర్మనీలో అయితే 2014 నుంచి చట్టమే ఉంది: కనీసం సగం ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన పేపర్‌ని, ఫారంలో ఏం రాసున్నా సరే, 12 నెలల తర్వాత రచయిత తన ప్రతిలో తెరిచి పెట్టుకోవచ్చు, వ్యాపారానికి కాకుంటే చాలు. ఏదైనా యాక్సెప్ట్ అయ్యాక అడగడం కంటే ముందే చెప్పుకోవడం తేలిక.

హక్కు ఉందని తేలింది అనుకుందాం. చాలామంది తడబడేది ఆ తర్వాతే, ఫైల్ తయారీలో. సబ్మిషన్ సిస్టంలో దొరికే పీడీఎఫ్‌ని దింపుకుని అదే పెట్టకండి. దాని ముందు సిస్టం అట్టపేజీ ఉంటుంది, లైన్ నంబర్లుంటాయి, బొమ్మలన్నీ చివర ఉంటాయి. మీ దగ్గరున్న చివరి వర్డ్ ఫైల్ తెరవండి. ట్రాక్ ఛేంజెస్ అన్నీ యాక్సెప్ట్ చేసి, పక్కన మిగిలిన కామెంట్లు తీసేయండి. రివ్యూయర్‌కి చూపించడానికి ఎర్రగా పసుపుగా చేసిన వాక్యాలను నల్లగా మార్చండి. పట్టికలూ బొమ్మలూ వాటి ప్రస్తావన ఉన్నచోటే చేర్చండి. ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూడమని జర్నల్ పంపే ప్రతి) చూసేటప్పుడు మీ కంటికి ఏదైనా అంకె తప్పు దొరికితే దాన్ని ఈ ఫైల్‌లోనూ దిద్దండి. ఈ పని మరిచిపోతే తప్పు అంకె ఉన్న ప్రతి ఉచితంగా, ఒప్పు అంకె ఉన్న ప్రతి తాళం వెనక ఉండిపోతాయి, ఎక్కువమంది చదివేదేమో ఉచితంగా దొరికేదాన్నే.

మొదటి పేజీ పైన పేపర్ పేరు పెద్ద అక్షరాల్లో, దాని కింద రచయితల పేర్లు ఉండాలి. గూగుల్ స్కాలర్ రోబో పేరు కోసం వెతికేది అక్కడే. అడుగున ఒక గమనిక: ఇది ఫలానా జర్నల్ యాక్సెప్ట్ చేసిన రచయిత ప్రతి, ప్రచురిత ప్రతి ఫలానా డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు లింకు) దగ్గర ఉంది. కొందరు ప్రచురణకర్తలు ఈ గమనిక మాటలను కూడా వాళ్లే ఇస్తారు, అప్పుడు అక్షరం మార్చకుండా వేయాలి. తర్వాత వర్డ్ నుంచే పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. ప్రింట్ తీసి స్కాన్ చేస్తే వెతకడానికి అందులో అక్షరాలుండవు, బొమ్మలే ఉంటాయి. సైజు 5 ఎంబీ దాటితే గూగుల్ స్కాలర్ తీసుకోకపోవచ్చు, బొమ్మల రిజల్యూషన్ తగ్గించండి. చివరగా ఫైల్ ప్రాపర్టీస్‌లో టైటిల్ గడి చూడండి. దాన్ని మార్చకపోతే, మీ పేపర్ తెరిచినప్పుడు బ్రౌజర్ ట్యాబ్ మీద "రివిజన్3 ఫైనల్ ఫైనల్ కొత్తది" అని లోకానికంతా కనిపిస్తుంది.

పెట్టాల్సిన చోటు మొదట మీ సంస్థ రిపాజిటరీ. అది లేకపోతే మీ విషయానికి సంబంధించిన రిపాజిటరీ, అదీ లేకపోతే యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడో. జెనోడో ఏ దేశంవారికైనా, ఏ శాస్త్రానికైనా ఉచితం, ఒక్కో రికార్డుకి 50 జీబీ దాకా పడుతుంది. ఎంబార్గో ఉన్నా ఇప్పుడే పెట్టేయండి. ఫైల్‌ని మూసి, తెరుచుకోవాల్సిన తేదీ ఇస్తే ఆ రోజు దానంతటదే తెరుచుకుంటుంది. గడువు తీరాక పెడదాంలే అనుకున్న పేపర్లు ఎక్కువ భాగం ఎప్పటికీ పెట్టబడవు, అప్పటికి ఫైల్ ఎక్కడుందో రచయితకే గుర్తుండదు. గడువు ఏ రోజు నుంచి లెక్కో కూడా చూసుకోండి. సాధారణంగా పేపర్ మొదట ఆన్‌లైన్‌లో కనబడిన రోజు నుంచే, యాక్సెప్ట్ అయిన రోజు నుంచి కాదు. ప్రచురిత ప్రతి డీఓఐని సంబంధిత రచనల గడిలో వేయండి. అన్‌పేవాల్ వంటి సాధనాలు, తాళం దగ్గర ఆగిపోయిన పాఠకుణ్ని ఇలాంటి ఉచిత ప్రతికి తీసుకొచ్చేది డీఓఐ గానీ, పేరూ రచయితల వివరాలూ గానీ కలిసినప్పుడే. రిపాజిటరీలో పేపర్ పేరుని మీకు నచ్చినట్టు కుదిస్తే ఆ లంకె తెగిపోవచ్చు.

జెనోడోలో పేపర్ పెట్టేటప్పుడు నింపే ఫారంలో ఒక ఉచ్చు ఉంది. అందులో లైసెన్స్ గడి ముందే సీసీ బై అని నిండి ఉంటుంది. కాపీరైట్ బదిలీ చేసిన పేపర్‌కి ఆ లైసెన్స్ ఇచ్చే అధికారం మీకు లేదు, ఓపెన్ పాలసీ ఫైండర్‌లో రాసుకున్నదే ఇక్కడ ఎంచుకోవాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఒకసారి ఇచ్చాక, ఆ ప్రతి తీసుకున్నవారి నుంచి వెనక్కి తీసుకోలేం కూడా. లైసెన్స్ మీ చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఎన్‌డీ ఉన్నవాటిని తప్పించండి. ఎన్‌డీ అంటే మార్పులు చేసి పంచకూడదని, అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. సీసీ బై ఎన్‌సీ ఎన్‌డీలో ఉన్న పేపర్‌ని ఎవరైనా తెలుగులోకి తెచ్చి పంచాలంటే మళ్లీ హక్కుదారు అనుమతి కావాలి. ఎన్‌సీ, అంటే వ్యాపారానికి వాడకూడదన్న షరతు, ఉంటే మీ బొమ్మల్ని వికీపీడియాలో కూడా వాడుకోలేరు. సమాజానికి చేరాలన్నదే మీ కోరికైతే సీసీ బైని మించింది లేదు.

ప్రీప్రింట్ సంగతి కూడా చెప్పాలి. సబ్మిటెడ్ ప్రతికి చాలాచోట్ల ఎంబార్గో ఉండదు, కాబట్టి ఈరోజే పెట్టుకోవచ్చు. అయితే అన్ని సర్వర్లూ తీసుకోవు, జీవశాస్త్ర ప్రీప్రింట్ల సర్వర్ బయోఆర్కైవ్‌కి యాక్సెప్ట్ కాకముందే పంపాలి. మీ విషయంలో నా సలహా వేరు. రివ్యూలో మీ అంకెలు ఏవైనా మారి ఉంటే పాత ప్రతిని బయట పెట్టకండి. ఇది తాగే నీళ్లకు సంబంధించిన పేపర్, రెండు రకాల అంకెలు తిరిగితే జనం తమకు నచ్చినదాన్ని పట్టుకుంటారు.

మీ గైడ్ మాటకొస్తే, రీసెర్చ్‌గేట్‌లో ప్రచురిత పీడీఎఫ్ పెట్టడం అందరూ చేస్తున్నదే, నిజమే. అందుకే ప్రచురణకర్తలు ఎల్సెవియర్, అమెరికన్ కెమికల్ సొసైటీ కలిసి 2017లో జర్మనీలో ఆ కంపెనీ మీద దావా వేశాయి, 2023లో రాజీపడ్డాయి. పెద్ద సంఖ్యలో పేపర్లు అక్కడి నుంచి మాయమయ్యాయి కూడా. దావా సంగతి పక్కనపెట్టినా, అది ఒక ప్రైవేటు కంపెనీ నడిపే వేదిక, భద్రపరిచే బాధ్యత దానికి లేదు. అన్‌పేవాల్ దాన్ని లెక్కలోకే తీసుకోదు. ప్రొఫైల్ ఉంచుకోండి, పేపర్ వివరాలు పెట్టి రిపాజిటరీ లింకు ఇవ్వండి. ఎవరైనా మెయిల్ రాసి అడిగితే వారికి విడిగా ఒక ప్రతి పంపడాన్ని చాలా ఫారాలు అనుమతిస్తాయి, మీదీ అనుమతిస్తే ఎంబార్గో కాలంలో అదే దారి.

డేటాకి ప్రచురణకర్త కాపీరైట్ ఫారంతో మామూలుగా సంబంధం ఉండదు, కాబట్టి అక్కడ ఎంబార్గో బెడద లేదు. మరో రెండు బెడదలున్నాయి. మొదటిది సమ్మతి. నమూనాలు తీసుకున్నప్పుడు కుటుంబాలతో సంతకం పెట్టించుకున్న పత్రంలో వివరాలు గోప్యంగా ఉంచుతామని రాసి ఉంటే దానికి కట్టుబడాలి, అనుమానమైతే ఎథిక్స్ కమిటీని అడగాలి. పేర్లు తీసేస్తే సరిపోతుందనుకుంటారు. బావుల జీపీఎస్ అంకెల్లో దశాంశం తర్వాత నాలుగు స్థానాలుంటే అది సుమారు 11 మీటర్లు, అంటే ఇల్లు చూపించినట్టే. రెండు స్థానాలకు కుదిస్తే సుమారు 1.1 కిలోమీటరు అవుతుంది. ఇళ్లు దూరదూరంగా ఉన్నచోట అది కూడా చాలదు, అప్పుడు ప్రాంతం పేరు మాత్రం ఉంచి అంకెలు తీసేయడమే మంచిది. లోతు, తవ్విన సంవత్సరం, ఇంట్లో మనుషుల సంఖ్య మూడూ ఒకే వరుసలో ఉంటే ఊరివాళ్లు అది ఎవరి బావో ఇట్టే చెప్పేస్తారు. ఆ గళ్లను శ్రేణులుగా మార్చండి.

రెండోది ప్రమాణాలు. మీ శాస్త్రంలో ఎప్పుడూ దెబ్బ కొట్టేది ఇదే. నైట్రేట్‌ని కొందరు నైట్రేట్‌గానే లెక్కిస్తారు, కొందరు అందులోని నైట్రోజన్‌గా. డబ్ల్యూహెచ్ఓ మార్గదర్శక విలువ లీటరుకు 50 మిల్లీగ్రాముల నైట్రేట్, అదే నైట్రోజన్‌గా చెబితే సుమారు 11. గడి తలమీద ఊరికే "నైట్రేట్, మి.గ్రా./లీ." అని వదిలేస్తే, మీ డేటా దింపుకున్నవాళ్లు సుమారు నాలుగున్నర రెట్లు తప్పుతో లెక్క వేయవచ్చు. కాబట్టి గడి పేరులోనే ఏ లెక్కో రాయండి, డేటాని వివరిస్తూ దానితో పెట్టే రీడ్‌మీ ఫైల్‌లో మళ్లీ చెప్పండి. పరికరం కొలవగలిగే కనీస స్థాయికి తక్కువ వచ్చిన నమూనాల్ని సున్నా అని వేయకండి, "కనీస స్థాయికి తక్కువ" అని విడిగా గుర్తించి, ఆ స్థాయి ఎంతో రాయండి. ఖాళీ గడి అంటే కొలవలేదని అర్థం కావాలి. రంగులతో అర్థం చెప్పిన ఎక్సెల్ షీట్ పనికిరాదు, సీఎస్‌వీగా మార్చగానే రంగులన్నీ పోతాయి. సీఎస్‌వీని యూటీఎఫ్-8లో సేవ్ చేయకపోతే తెలుగులో రాసిన ఊరి పేర్లు ప్రశ్నార్థకాలవుతాయి.

డేటాని జెనోడోలో హక్కులన్నీ వదులుకునే సీసీ జీరోతో గానీ, సీసీ బైతో గానీ పెట్టండి. డ్రాఫ్ట్‌గా ఉండగానే డీఓఐ ముందుగా తీసుకునే వీలుంది. దాన్ని తీసుకుని, ప్రూఫ్ వచ్చినప్పుడు డేటా లభ్యత వాక్యంలో చేర్చండి. ప్రూఫ్ దాటితే ఆ వాక్యం చేర్చడానికి సవరణ నోటీసు కావాల్సి వస్తుంది. పబ్లిష్ నొక్కాక ఫైళ్లను మీరు స్వేచ్ఛగా మార్చలేరు, దిద్దాలంటే కొత్త వెర్షన్ పెట్టాలి. అందుకే నొక్కేముందు మీ డేటా ఎప్పుడూ చూడని సహచరుడి చేత ఒకసారి తెరిపించి, రీడ్‌మీ తప్ప ఏ సాయమూ లేకుండా ఒక పట్టిక తిరిగి లెక్క వేయించండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ రీడ్‌మీలో ఒక వాక్యం తక్కువైందన్నమాట.

ఇక కుటుంబాల సంగతి. పేపర్ తెరిచినంత మాత్రాన వాళ్లకి అందినట్టు కాదు. మీ పేపర్‌లో ఉండే మాటలు ఇలా ఉంటాయి: "పరిశీలిత నమూనాలలో గణనీయ శాతం నైట్రేట్ గాఢత అనుమతించదగిన పరిమితిని అధిగమించినట్లు గమనించబడింది." ఇంట్లో నీళ్లు తాగేవాళ్లకి కావాల్సింది ఇది: "మేం చూసిన బావుల్లో కొన్నింటి నీళ్లలో నైట్రేట్ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉంది. ఈ నీళ్లతో కలిపిన డబ్బాపాలు పసిపిల్లలకు పట్టకూడదు. మరిగిస్తే నైట్రేట్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్ఓ ఫిల్టర్ తగ్గిస్తుంది, మామూలు బొగ్గు ఫిల్టర్ తగ్గించదు." ఒక పేజీ మించకండి. ఎన్ని బావులు చూశారు, ఎన్నింటిలో ఎక్కువ, నమూనాలు తీసిన నెల ఏది అన్నవి అంకెల్లో ఉండాలి. వానలకి ముందు, తర్వాత నైట్రేట్ మారుతుంది కాబట్టి నెల లేని ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. ఈ పేజీని యూనికోడ్ తెలుగులోనే టైప్ చేయండి. పాత డీటీపీ ఫాంట్లతో చేస్తే ఫోన్‌లో గజిబిజి అక్షరాలొస్తాయి, వెతికితే దొరకదు. సీసీ బై ఇచ్చి, డేటాతో పాటు అదే రికార్డులో పెట్టండి.

ఈ సారాంశానికి ఎంబార్గోతో పనిలేదు. వాస్తవాలకి కాపీరైట్ ఉండదు, మాటలు మీవే, ప్రచురణకర్త బొమ్మలు ఎత్తిపెట్టకపోతే చాలు. కొన్ని జర్నళ్లు ప్రచురణ రోజు దాకా పత్రికలకు చెప్పొద్దంటాయి, అది వేరే నియమం. ప్రజారోగ్యానికి ముప్పు ఉన్నప్పుడు సంబంధిత అధికారులకి ముందే చెప్పడాన్ని వైద్య జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ఐసీఎంజేఈ కూడా ముందస్తు ప్రచురణగా లెక్కించవద్దంటుంది, ఎడిటర్‌కి ఒక మాట చెప్పి చేయమంటుంది. కాబట్టి పరిమితి దాటిన బావులున్న ఇళ్లకు వాళ్ల వాళ్ల ఫలితాన్ని విడిగా, కవర్‌లో పెట్టి, సారాంశం అందరికీ పంచడానికి ముందే ఇవ్వండి. పసిపిల్లలున్న ఇళ్లకైతే పేపర్ అచ్చయ్యే దాకా కూడా ఆగనవసరం లేదు, ఎడిటర్‌కి ఈ వారమే రాయండి.